వెనక గది గాలి

ఆ వీధిలో ఆమెను అందరూ కిటికీ అంటారు. పేరు పెట్టింది ఎదురింటి టైలరు. దుప్పటికి అంచు కుట్టించుకుందామని అతని కొట్లోకి వెళ్ళిన మనిషి, వచ్చిన పని పక్కన పెట్టి, ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన కిటికీ రెక్కను ఇస్త్రీపెట్టెతో కొట్టి మరీ తెరిచింది. "ఇంత ఉక్కలో ఎలా బతుకుతున్నావయ్యా బాబూ! ఊపిరాడక చస్తావు!" అని అతన్ని చెడామడా దులిపేసి, దుప్పటి అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చేసింది. టైలరు ఊరుకుంటాడా? సాయంత్రానికల్లా వీధి వీధంతా చెప్పేశాడు. అప్పటినుంచీ ఆమె కిటికీయే. కట్టుకున్నవాడు కూడా ఫోన్లో "ఏం కిటికీ, ఎలా ఉన్నావు?" అనే పలకరిస్తాడు. అతను లారీ డ్రైవరు. ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ కాపురం చేస్తాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ గాలి గురించి ఆమెకు భయం ఊరికే పట్టుకోలేదు. పెళ్ళికి ముందు ఒక కుట్టు ఫ్యాక్టరీలో పని చేసేది. తెరిస్తే బట్టల మీద దుమ్ము పడుతుందని యజమాని అక్కడి కిటికీలన్నిటికీ మేకులు కొట్టించాడు. ఒక మధ్యాహ్నం మిషను మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. తెలివొచ్చేసరికి ఎవరో ఆమెను మెట్ల మీద పడుకోబెట్టి అట్టముక్కతో విసురుతున్నారు. ఊపిరి అందకపోవడం అంటే ఏమిటో ఆ పూట ఆమె ఒంటికి తెలిసింది. ఆ తర్వాత ఏ గదిలోకి వెళ్ళినా గాలి ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది అని చూసుకున్నాకే కూర్చునేది. బస్సులో అయినా అంతే, చుట్టాల ఇంట్లో అయినా అంతే. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోనీ, ఆమెకు లెక్కే లేదు.

అలాంటి మనిషికి చివరికి గాలితోనే బతుకుతెరువు కుదిరింది. ఇంటి వెనక గదిలో ఆమె పుట్టగొడుగులు పెంచుతుంది.

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. ముందు ఒక గది, మధ్యలో వంటిల్లు, వెనకాల ఒకప్పుడు ఎవరో సామాను దాచుకోవడానికి కట్టిన పొడవాటి గది. ఆ గది పైకప్పు నుంచి తాళ్ళు వేలాడతాయి, ఒక్కో తాడుకీ దిండంత ప్లాస్టిక్ సంచి. సంచి నిండా ఉడకబెట్టి ఆరబెట్టిన గడ్డి ముక్కలు, వాటి మధ్య పుట్టగొడుగు విత్తనం. కొన్నాళ్ళు చీకట్లో ఉంచితే గడ్డంతా తెల్లటి బూజు అల్లుకుంటుంది. అప్పుడు సంచికి గాట్లు పెట్టి, నీళ్ళు చిలకరించి, గాలి ఇవ్వాలి. గాట్లలోంచి తెల్లటి గొడుగులు గుత్తులు గుత్తులుగా బయటికొస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ అంత గారాల పంట ఇంకోటి లేదు. వేడెక్కితే ముడుచుకుపోతాయి. తడి తగ్గితే అంచులు పగులుతాయి. గాలి ఆడకపోతే మరీ ఘోరం. అవీ మనలాగే ఊపిరి తీసుకుని చెడ్డగాలి వదులుతాయి. ఆ చెడ్డగాలి గదిలో పేరుకుపోయిందంటే, మంచిగాలి ఎక్కడుందా అని మెడ సాచినట్టు కాడలు పొడుగ్గా సాగుతాయి, గొడుగు మాత్రం చొక్కా బొత్తాం అంతే ఉండిపోతుంది.

అందుకని కిటికీ ఆ గదికి ఊపిరి ఏర్పాటు చేసింది. ఒక గోడకి అడుగున జల్లెడ బిగించిన కన్నం, దాని ముందు తడి గోనెపట్టా. ఎదుటి గోడకి పైన, గాలిని బయటికి లాగే ఫ్యాను. బయట ఎండ మండిపోతున్నా, తడి గోనె మీదుగా వచ్చిన గాలి చల్లబడి, సంచుల మధ్య తిరిగి, ఫ్యానులోంచి బయటికి పోతుంది. కన్నం దగ్గర ఒక నూలుపోగు వేలాడదీసింది. పోగు లోపలికి వాలితే గది ఊపిరి పీలుస్తున్నట్టు. కదలకుండా నిటారుగా వేలాడిందా, ఏదో తేడా వచ్చినట్టు. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, ముందు వెళ్ళి ఆ పోగు చూసొచ్చేది.

ఇక అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ ఒక బడిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. మాట పుట్టిందే ఆవిడ కోసమన్నట్టు ఉంటుంది. కిటికీ కాపురానికి వచ్చిన కొత్తలో అత్తాకోడళ్ళకు క్షణం పడేది కాదు. ఈమె తలుపులు తెరుస్తుంటే ఆవిడ మూసేది, ఆవిడ మూస్తుంటే ఈమె తెరిచేది. మధ్యలో లారీ డ్రైవరు తల పట్టుకుని రోడ్డెక్కేసేవాడు. వెనక గది మొదలయ్యాక అదంతా మారింది. ఊరికే కూర్చోలేని ముసలావిడ ఒక రోజు స్టూలు లాక్కుంటూ లోపలికొచ్చి, "ఇటివ్వు ఆ కత్తి. నీ కోత చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది" అని గుత్తులు కొయ్యడం మొదలెట్టింది. ఆ రోజునుంచీ ఆవిడ నోరూ కత్తీ కలిసే ఆడేవి. వీధిలో ఎవరెవరికి మాటల్లేవో, టైలరు పెళ్ళాం ఎందుకు అలిగిందో, అన్నీ ఆ సంచుల మధ్యే తేలేవి. కిటికీకి తల్లి లేదు. ఉన్నా ఇంతకన్నా దగ్గరగా ఉండేది కాదేమోనని ఆమెకు చాలాసార్లు అనిపించేది.

గది మొదలెట్టిన మరుసటేడు అత్తగారికి దగ్గు మొదలైంది.

మొదట పొడిదగ్గు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఆ తర్వాత మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం. అంత మాటకారి మనిషి ఒక్క వాక్యం తిన్నగా పూర్తి చెయ్యలేకపోతుంటే కిటికీ ఆవిడను వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన స్టెతస్కోపు పెట్టి చూసి, ఇంట్లో పొగ ఉందా, దుమ్ముందా అని అడిగాడు. "అబ్బే, మా ఇంట్లో గాలికేం లోటు లేదండీ" అని కిటికీ గర్వంగా చెప్పింది. వెనక గదిలో ఏం పెరుగుతోందో ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. చెప్పాలని తోస్తే కదా! వయసు మీద పడిందనుకుని ఆయన మందు రాసిచ్చాడు.

ఆ ఏడు వేసవి మహా చెడ్డ వేసవి. పడమటి ఎండకి ముందు గది పొయ్యిలా కాగిపోయేది. అత్తగారు అక్కడ పడుకుని రొప్పుతుంటే కిటికీకి కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. వంట చేస్తూ చేస్తూ గరిటె ఆపి చెవి అటు పడేసేది. దగ్గు వినిపిస్తే అమ్మో అని భయం, వినిపించకపోతే ఇంకా భయం. తలుపు సందులోంచి ఆవిడ ఛాతీ లేస్తోందా లేదా అని తొంగి చూసేది. లేచింది, పడింది. మళ్ళీ లేచేదాకా తన ఊపిరి తను బిగబట్టుకుని నిలబడేది. ఈవిడ పోతే నా గతేం కాను అన్న మాట ఒక్కటే బుర్రలో గిర్రున తిరిగేది.

చివరికి ఒక ఉపాయం తోచింది. ఎండ తగలని చోటు, దుమ్ము రాని చోటు, ఇరవైనాలుగ్గంటలూ గాలి మారే చోటు ఈ ఇంట్లో ఒకటుంది కదా! తను ప్రాణం పెట్టి కాపాడే గాలి గొడుగులకేనా, మనిషికి పనికిరాదా?

"వెనక గదిలో మీకు మంచం వేస్తాను అత్తయ్యా. అక్కడి గాలికి మీకు హాయిగా ఉంటుంది."

"పుట్టగొడుగుల మధ్యనా? నన్ను కూడా సంచిలో పెట్టి వేలాడదీస్తావేంటే?"

"మీ నోరు పట్టే సంచి ఎక్కడా దొరకదులెండి."

ఇద్దరూ పగలబడి నవ్వారు. అత్తగారి నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపటికి గానీ ఆగలేదు. కిటికీ ఆ సాయంత్రమే సంచుల వరసలు జరిపి మంచం వేసింది. కన్నం దగ్గర వేస్తే తడిగాలి నేరుగా తగులుతుందని, ఎదుటి గోడవారగా, ఫ్యాను కింద వేసింది. అంటే గదిలోని గాలంతా సంచులన్నిటినీ ఒరుసుకుంటూ వచ్చి, ఆవిడ మీదుగానే బయటికి పోవాలి. గాలి గురించి అంత తెలిసిన మనిషికి ఆ సంగతి ఎందుకు తట్టలేదో ఏం చెప్పమంటారు! గాలి చల్లగా ఉందా, కదులుతోందా అన్నదే ఆమె చూసుకుంది. గాలి దేన్ని మోసుకొస్తోందన్న ఆలోచనే రాలేదు.

మొదట్లో చల్లదనానికి ఆవిడకు సుఖంగానే ఉంది. కిటికీ హమ్మయ్య అనుకుంది. కొన్నాళ్ళకి సాయంత్రమయ్యేసరికి ఒణుకు మొదలైంది.

"చలేస్తోందే. నీ ఫ్యాను నా ప్రాణం తీస్తోంది."

బయట తారు కరిగే ఎండ, లోపల ఆవిడకు మీద మీద దుప్పట్లు. నుదురు చూస్తే కాలిపోతోంది. తడిగాలికి పడిశం పట్టిందనుకుంది కిటికీ. ఫ్యాను వేగం సగానికి తగ్గించింది. కన్నంలో పాత దుప్పటి మడిచి సగం మేర కుక్కింది. నూలుపోగు నిటారుగా వేలాడింది. ఆమె దాన్ని చూసింది, చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. పంటదేముంది, పోతే ఇంకోటి వేసుకోవచ్చు, మనిషి పోతే ఎక్కడ తెచ్చుకుంటాం అనుకుంది.

కాడలు సాగాయి. గొడుగులు చిన్నబోయాయి. ఆమె సరుకంతా కొనేది ఒక హోటల్ వంటాయన. వ్యాను వేసుకుని తనే వచ్చి తీసుకెళ్తాడు. బుట్ట ఎత్తి చూసి మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా ఇవి? గొడుగులివ్వమంటే చేతికర్రలు ఇస్తున్నావు?"

"ఎండలు కదన్నా" అని తప్పించుకుంది కిటికీ.

గొడుగు కాస్త వెడల్పు కావాలంటే ఇంకా కొన్నాళ్ళు కొయ్యకుండా ఉంచాలి. ఉంచింది. గొడుగులు విచ్చుకున్నాయి, ముదిరాయి, అంచులు పైకి తిరిగాయి. ముదిరిన గొడుగు అడుగు నుంచి తెల్లటి పొడి రాలుతుంది. అది వాటి విత్తనం. గుప్పెట్లో పట్టుకుందామన్నా దొరకనంత మెత్తటి పొడి. సంచుల మీద, నేల మీద, మంచం కోళ్ళ మీద పేరుకునేది. పొద్దున్నే అత్తగారి కళ్ళజోడు అద్దాల మీద పిండి చల్లినట్టుండేది. కిటికీ వాటిని తుడిచి ఆవిడ ముక్కు మీద పెట్టేది.

"ఇప్పుడు కనిపిస్తోందా లోకం?"

"నీ మొహమే కనిపిస్తోంది. ఏం చేస్తాం, నా ఖర్మ."

ఆ వేళాకోళాల వెనకాల ఆవిడ సన్నబడిపోతోంది. పెట్టింది తినేది కాదు. సాయంత్రం చలి, జ్వరం, పొద్దునకు కాస్త నయం, మళ్ళీ సాయంత్రం చలి. చలన్నప్పుడల్లా కిటికీ దుప్పటిని కన్నంలో ఇంకొంచెం లోపలికి కుక్కేది. ప్రేమతోనే కుక్కేది. ఆ గదిలో ఫ్యాను మోత నెమ్మదించిన కొద్దీ ఆమెకు ఆవిడ ఊపిరి ఇంకా స్పష్టంగా వినబడేది, ఊపిరి తీసినప్పుడల్లా లోపలెక్కడో కాగితం నలిపినట్టు చప్పుడు.

ఒక ఆదివారం ఆడపడుచు వచ్చింది. లారీ డ్రైవరుకు అక్క, మాట కరుకు. తల్లిని చూసి గుమ్మంలోనే కేకలు పెట్టింది. "మా అమ్మని బతికుండగానే బూజు పట్టిస్తున్నావా? ఇదేమన్నా మనుషులుండే చోటా?" అని ఒంటికాలి మీద లేచి, ఎవరి మాటా వినకుండా తల్లిని తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది. కిటికీ ఖాళీ మంచం చూస్తూ కూర్చుంది.

నాలుగు రోజుల తర్వాత ఆడపడుచు ఫోన్ చేసింది.

"అమ్మకి మా ఇంట్లో దగ్గే లేదు తెలుసా? జ్వరం ఊసే లేదు. నిన్న మేడెక్కి బట్టలు ఆరేసింది. ఎలా చూసుకోవాలో తెలిస్తే మనిషి ఎందుకు బాగుపడదు?"

ఇంకొకరైతే ఈ మాట విని ఎగిరి గంతేసేవారు. కిటికీకి ఒళ్ళు భగ్గుమంది. "అంటే నేను చూసుకోలేదనా వదినా మీరనేది? కంటికి రెప్పలా చూసుకున్నాను! మీ దగ్గర మొహమాటానికి దగ్గు ఆపుకుంటోందేమో, అడిగారా?" అని ఫోన్ పెట్టేసింది. ఆవిడ ఎందుకు బాగుపడిందో చెప్పే మాట చెవిలోనే పడింది. కానీ అది ఎత్తిపొడుపుగా వినబడింది తప్ప ఇంకేమీ వినబడలేదు. అత్తాకోడళ్ళ మధ్య ఆడపడుచు మాట ఎప్పుడు తిన్నగా వినబడింది గనక!

ఆ వారమంతా హోటల్ మరమ్మతులకి మూసేశారు. కొనే దిక్కు లేదు, కొయ్యాలన్న మనసూ లేదు. గొడుగులు విచ్చుకుని విచ్చుకుని పళ్ళేలంత అయ్యాయి. గది నేలంతా తెల్లబడింది. అప్పుడు అత్తగారి ఫోన్ వచ్చింది. "ఏమే, నన్ను తీసుకుపోతావా లేదా?" అంది ఆవిడ. అంతే. కిటికీకి కాళ్ళు నేల మీద ఆగలేదు.

ఆవిడ వచ్చేలోగా గది అద్దంలా ఉండాలని చీపురు పట్టుకుంది. రోజూ తడిగుడ్డతో తుడిచేది, ఆ పూట మాత్రం తడి ఉంటే ముసలి ప్రాణానికి చలేస్తుందని పొడి చీపురుతోనే ఊడ్చింది. పొడి మబ్బులా లేచింది. తుమ్మింది, తనలో తనే నవ్వుకుంది, మళ్ళీ ఊడ్చింది. దుప్పట్లు దులిపింది. కన్నం పూర్తిగా మూసేసింది. ఫ్యాను ఆపేసింది. వెచ్చగా, నిశ్శబ్దంగా, శుభ్రంగా ఉందనుకుంది గది. మధ్యాహ్నానికి అత్తగారు కిటికీ పంపిన ఆటోలో వచ్చి, "హమ్మయ్య, నా మంచం" అని నడుం వాల్చింది. కిటికీ తలుపు దగ్గరగా వేసి, పక్కనే కూర్చుని సంచులకు తాళ్ళు కట్టుకుంటూ వారం రోజుల కబుర్లూ విన్నది.

పొద్దు వాలే వేళకి మాటలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. తలెత్తి చూసేసరికి అత్తగారు మంచం అంచు పట్టుకుని లేచి కూర్చుని ఉంది. నోరు తెరిచే ఉంది, గాలి లోపలికి పోవడం లేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. గోళ్ళూ నీలంగా ఉన్నాయి.

"అత్తయ్యా! అత్తయ్యా, ఇటు చూడండి!"

ఆవిడ చూసింది. ఆ చూపు చూశాక కిటికీకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడుపు కూడా రాలేదు. కన్నంలోని దుప్పటి ఊడబెరికింది, ఫ్యాను వేసింది, తలుపులు బార్లా తీసింది, అట్టముక్క పట్టుకుని పిచ్చిదానిలా విసిరింది. విసిరిన కొద్దీ గదిలో తెల్లగా ఏదో తేలుతోంది. ఎంత గాలి తగిలినా ఆవిడకు అందడం లేదు. అప్పుడే, హోటల్ తెరిచారని చెప్పడానికి వంటాయన వీధిలో వ్యాను ఆపాడు. అతను మాట మాట్లాడకుండా ముసలావిడను రెండు చేతులతో ఎత్తుకెళ్ళి వ్యానులో పడుకోబెట్టాడు. దారి పొడుగునా కిటికీ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, "ఇంకొక్కటి, అత్తయ్యా, ఇంకొక్క ఊపిరి" అని బతిమాలుతూనే ఉంది. "భయపడకమ్మా, వచ్చేశాం" అని వంటాయన అంటూనే హారను మోగిస్తున్నాడు.

పెద్దాసుపత్రిలో ఆవిడను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశారు. ఆ తలుపు ముందు కిటికీ ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. కూర్చుంటే ఏదో అవుతుందని భయం. తలుపు తెరుచుకుంటే ఏం వినాల్సి వస్తుందోనని భయం. తెరుచుకోకపోతే ఇంకా భయం. లారీ డ్రైవరు ఎక్కడో దూరంలో ఉన్నాడు, బయల్దేరానని ఫోన్ చేశాడు. ఆడపడుచు కూడా ఫోన్లో ఏడుస్తూ ఏవేవో అంది, ఒక్క మాటా బుర్రకెక్కలేదు.

చాలాసేపటికి ఊపిరితిత్తుల డాక్టరమ్మ బయటికొచ్చింది. బతికే ఉందని చెప్పి, ఆక్సిజన్ పెట్టామంది. అప్పుడు తిన్నగా ఒకటే అడిగింది.

"ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా ఉన్నప్పుడు ఆవిడకి తగ్గిందా?"

ఆడపడుచు ఫోన్లో అన్న ప్రతి మాటా కిటికీకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. "తగ్గిందండీ" అంది.

"మీ భుజం మీద ఆ తెల్లపొడి ఏంటి?"

చెప్పింది. గది సంగతి, సంచుల సంగతి, మంచం సంగతి, అన్నీ. డాక్టరమ్మ కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది. గొడుగులు రాల్చే ఆ పొడి కొందరి ఊపిరితిత్తులకి అస్సలు పడదని, లోపలికి పోయిన ప్రతిసారీ ఒళ్ళు దానితో యుద్ధం చేస్తుందని చెప్పింది. ఆ సాయంత్రం జ్వరం, ఆ ఒణుకు, ఆ చలి, అన్నీ ఆ యుద్ధమేనట.

"చలి..." అంది కిటికీ. "చలేస్తోందంటే నేను గాలి తగ్గించానండీ. అన్నప్పుడల్లా ఇంకా తగ్గించాను."

డాక్టరమ్మ, ఊపిరితిత్తుల్లో కొంత భాగం గట్టిపడిపోయిందని, అది మళ్ళీ మెత్తబడదని, మిగిలింది కాపాడుకోవాలంటే ఆవిడ ఆ గదిలోకే కాదు, ఆ గది అలా ఉన్నంతకాలం ఆ ఇంట్లోకే రాకూడదని చెప్పింది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "పొద్దున మీరూ ఎక్స్‌రే తీయించుకోండి" అంది. కిటికీ తలూపింది గానీ వినలేదు.

పొద్దున్నే లోపలికి పంపారు. అత్తగారి మొహం మీద ఆక్సిజన్ మాస్కు, దాని మీదుగా కళ్ళు. కిటికీ మంచం పక్కన కూర్చోగానే ఆవిడ వేళ్ళు ఈమె మణికట్టుని గట్టిగా పట్టుకున్నాయి. ఇక దాచుకోవడం కిటికీ వల్ల కాలేదు.

"అత్తయ్యా, నేనే చేశాను ఇదంతా. మంచం వేసింది నేనే. గాలి మూసింది నేనే. నా చేతులతో నేనే మిమ్మల్ని..."

ఆవిడ రెండో చేత్తో మాస్కు కాస్త పక్కకి జరిపింది.

"ఊరుకోవే. నాకు తెలుసు."

"ఏం తెలుసు మీకు?"

"ఆ గది నాకు పడట్లేదని." ఒక్కో ముక్కకీ ఊపిరి తీసుకుంటోంది. "అమ్మాయి ఇంట్లో ఉన్న రెండో రోజుకే అర్థమైంది. అక్కడ చలి లేదు, జ్వరం లేదు. ఈ వయసుకి ఆ మాత్రం తెలీదా?"

కిటికీకి కోపం తన్నుకొచ్చింది. "తెలిసీ మళ్ళీ ఎందుకొచ్చారు? తీసుకుపొమ్మని ఫోన్ ఎందుకు చేశారు? ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

"చెబితే ముందు గదిలో పడుకోబెడతావు. నీ పనంతా వెనకాల. నేనక్కడ ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఊపిరి ఆగిపోతే?" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చచ్చిపోతానని కాదే నా భయం. పక్కన ఎవరూ లేనప్పుడు పోతానేమోనని. అమ్మాయి పొద్దున పనికి పోతే రాత్రికి గానీ రాదు. ఆ గదిలో అయితే నువ్వుంటావు కదా."

కిటికీ ఆ చేతి మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ తలుపు సందులోంచి తను ఆవిడ ఊపిరి చూసి భయపడుతుంటే, లోపల ఆవిడ కూడా అదే భయంతో పడుకుని ఉందన్నమాట. అడిగి ఉంటే చెప్పేదేమో. తను గాలి గురించి అడిగింది, చలి గురించి అడిగింది, ఇది మాత్రం అడగలేదు.

"లే. ఇంకా ఉంది, విను" అంది అత్తగారు. "నా సంగతి సరే. నా ప్రాణం నా ఇష్టం. నేను చేసిన పాపం అది కాదు."

"ఏం మాట్లాడుతున్నారు మీరు?"

"నువ్వూ దగ్గుతున్నావు."

"నేనా?"

"నువ్వే. నా దగ్గు వినడానికే నీ చెవులు సరిపోయాయి. నీది నీకెక్కడ వినబడుతుంది? నేను విన్నాను. సంచుల మధ్య తిరుగుతూ నువ్వు దగ్గుతుంటే మంచం మీద పడుకుని రోజూ విన్నాను. అది నా దగ్గులాంటిదేనని తెలిసి కూడా నోరు మూసుకున్నాను. చెబితే గది ఎత్తేస్తావు, ఇంకెక్కడో పనికి పోతావు, నేను ఒక్కదాన్నే ఉండిపోతానని..." మాట పూర్తి కాలేదు. కిటికీ కంగారుగా మాస్కు సరిచేసింది.

గడ్డి దుమ్ముకి గొంతు గరగరలాడుతోందనుకుని రోజూ ఎన్నిసార్లు సవరించుకుందో కిటికీకి ఇప్పుడు ఒకటొకటిగా గుర్తొచ్చింది. మెట్ల మీద మొన్న ఎందుకు ఆగిందో గుర్తొచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చి చూసుకోవాలనిపించింది, పీల్చడానికి ధైర్యం చాలలేదు.

నర్సు తలుపు తోసి తల లోపలికి పెట్టింది. "ఎక్స్‌రేకి మీరేనా? రండి, డాక్టరమ్మ పిలుస్తున్నారు."

"తర్వాత వస్తానమ్మా. మా వదిన వస్తోంది. ఆవిడ వచ్చేదాకా ఇక్కడ ఎవరూ లేరు."

మణికట్టు చుట్టూ ఉన్న వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటిగా వదులయ్యాయి, అత్తగారు తనంతట తనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వెళ్ళు."

"మీరొక్కరే..."

"వెళ్ళమన్నానా! ఇక్కడ నేను ఉంటాలే."

కిటికీ లేచింది. తలుపు దగ్గరికెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో మంచం కడ్డీలు పట్టుకుని ఉంది. కళ్ళు తెరవకుండానే, వెళ్ళు వెళ్ళు అని తల ఊపుతోంది. కిటికీ నర్సు వెంట పరుగులాంటి నడకతో వెళ్ళింది, వీలైనంత తొందరగా తిరిగి రావాలని.